అన్నయ్యేమో ఇంజిన్ మార్చాలంటాడు, నాకేమో ఉద్యోగం వచ్చింది

ఉద్దానం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 23, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ అయింది. అన్నయ్యకు 27. విశాఖలో యానిమేషన్ నేర్చుకుని ఇంటికి వచ్చేశాడు. ఇద్దరూ కలిసి రెండేళ్లుగా ఒక గేమ్ చేస్తున్నారు. తుపాను వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున ఒక ముసలమ్మ, తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ, కూలిన కొబ్బరి తోటల మీదుగా సముద్రం దాకా నడిచే కథ. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు వాళ్ల తోటలో సగానికి పైగా చెట్లు పోయాయట. కథ అక్కడి నుంచి పుట్టింది. కోడ్ చెల్లెలిది, బొమ్మలు అన్నయ్యవి, ఇంజిన్, అంటే ఆటను తయారుచేసి నడిపించే సాఫ్ట్‌వేర్, యూనిటీ.

తోట సీన్ మొదలవగానే 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఆట సెకనుకు 17 ఫ్రేమ్‌లకు, అంటే తెర మీద సెకనుకు 17 బొమ్మలకే పడిపోతోంది. పైగా ఒక స్నేహితుడు చూసి "పీఎస్2 గేమ్‌లా ఉందిరా" అన్నాడు (సోనీ పాత ఆటల యంత్రం ప్లేస్టేషన్ 2 అన్నమాట). ఆ మాట అన్నయ్యకు గుచ్చుకుంది. యూనిటీ మొబైల్ ఆటలకే పనికొస్తుంది, కన్సోల్ (ప్లేస్టేషన్ లాంటి ఆటల యంత్రం) స్థాయి గ్రాఫిక్స్ కావాలంటే అన్‌రియల్ 5 అనే ఇంకో ఇంజిన్‌కి మారాల్సిందే, దానికి కొత్త కంప్యూటర్ కావాలి, హైదరాబాద్‌లో కోర్సు చేయాలి అంటున్నాడు. అన్నీ కలిపి రెండున్నర లక్షలు. అమ్మ తన బంగారం కుదవ పెడదామంది, నాన్న సరేనన్నారు. ఈమె వాదన వేరు: అన్నయ్య చేసిన మోడళ్లే, అంటే 3డి బొమ్మలే బరువు, ఏ ఇంజిన్‌లో పెట్టినా ఇంతే. ఒకరోజు మాటామాటా పెరిగింది. నెల రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. "అన్నానికి కూడా ఒకరు లేచాక ఇంకొకరం వస్తున్నాం. అమ్మకి ఒకటే టెన్షన్" అని రాశారు. ఈలోగా ఆమెకు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. రెండు నెలల్లో చేరాలి. "నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పిన వారం నుంచే అన్నయ్య అన్‌రియల్ మాట ఎత్తాడు" అని ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది. ఆమె అడిగినవి రెండు. ఇంజిన్ మారిస్తే గ్రాఫిక్స్ నిజంగా మారతాయా? మారవని అన్నయ్యకు చెప్పడం ఎలా?

సమాధానం:

మీ రెండో ప్రశ్న చదివితే, మొదటి ప్రశ్నకు జవాబు మీరే తేల్చేసుకున్నారని అర్థమవుతోంది. అక్కడ కాస్త ఆగండి. మీ అన్నయ్య చెప్పేదాంట్లో నిజం ఉంది. వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎంత మెత్తగా ఉండాలి, కంటికి కనిపించని వస్తువుల్ని గీయకుండా ఎలా వదిలేయాలి, మెమొరీలోకి ఏది ఎప్పుడు రావాలి, ఈ పనులన్నీ ఇంజిన్ చూసుకుంటుంది. మంచి ఇంజిన్ చేతికొస్తే ఎవరో ఏళ్ల తరబడి పడ్డ కష్టం మనకు ఉచితంగా దొరికినట్టే. నెదర్లాండ్స్‌కు చెందిన గెరిల్లా స్టూడియో తన కోసం తయారు చేసుకున్న డెసిమా ఇంజిన్‌తో 2017లో హొరైజన్ జీరో డాన్ తెచ్చింది. జపాన్‌లోని కొజిమా ప్రొడక్షన్స్ అదే ఇంజిన్‌ను తీసుకుని 2019లో డెత్ స్ట్రాండింగ్ విడుదల చేసింది. కొత్తగా పెట్టిన స్టూడియో అంత విశాలమైన కొండల్నీ లోయల్నీ మొదటి ఆటలోనే చూపగలగడంలో ఆ ఇంజిన్ వాటా పెద్దదే.

కానీ ఆ రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంజిన్ ఒకటే, రంగు వేరు, గాలి వేరు, నేల వేరు. ఆ తేడా మనుషుల దగ్గర్నుంచి వచ్చింది.

కన్సోల్ విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది, ఎందుకంటే కన్సోల్‌లో కార్డు మార్చలేం, ర్యామ్ పెంచలేం. పీఎస్3లో ప్రధాన మెమొరీ 256 ఎంబీ, గ్రాఫిక్స్‌కు ఇంకో 256 ఎంబీ. ఇవాళ చేతిలో ఉండే మామూలు ఫోన్‌తో పోల్చినా అది చాలా తక్కువ. నాటీ డాగ్ స్టూడియో దాని మీద 2007లో మొదటి అన్‌చార్టెడ్ తెచ్చింది, 2013లో ద లాస్ట్ ఆఫ్ అస్ తెచ్చింది. ఈ ఆరేళ్లలో ఆ పెట్టెలో ఒక్క చిప్పు కూడా బలపడలేదు. అయినా రెండో ఆటలో ముఖాలు, వెలుతురు, పాడుబడిన ఊళ్లు చూస్తే వేరే తరం యంత్రమా అనిపిస్తుంది. పీఎస్3లోని సెల్ ప్రాసెసర్‌లో ప్రధాన కోర్‌తో పాటు ఎస్‌పీయూ అనే చిన్న కోర్లు ఉండేవి. వాటికి పని విడదీసి పంచడం చాలామందికి కొరుకుడు పడలేదు. ఏ లెక్క ఎవరికి అప్పగించాలో, గ్రాఫిక్స్ చిప్పు మీద భారం ఎలా తగ్గించాలో ఆ స్టూడియో ఒక్కో ఆటతో నేర్చుకుంటూ వెళ్లింది. దాంతోపాటే వాళ్ల సొంత ఇంజిన్ కూడా మెరుగైంది. ఇంజిన్, నైపుణ్యం విడివిడి విషయాలని మీరిద్దరూ వాదించుకుంటున్నారు గానీ, బాగా పనిచేసే చోట అవి ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

దీనికి ఎదురు ఉదాహరణ సైబర్‌పంక్ 2077. సొంత ఇంజిన్, పెద్ద బృందం, భారీ బడ్జెట్. 2020 డిసెంబరులో విడుదలైనప్పుడు మంచి కంప్యూటర్లలో అద్భుతంగా కనిపించిన ఆట, 2013 నాటి మామూలు పీఎస్4లో ఆడలేని స్థితిలో ఉంది. సోనీ తన స్టోర్ నుంచి దాన్ని కొన్ని నెలల పాటు తీసేసింది. తర్వాత 2022లో ఆ ఆట చేసిన సంస్థ తన రాబోయే విచర్ ఆటను అన్‌రియల్ 5 మీద చేస్తామని ప్రకటించింది. కాబట్టి ఇంజిన్ మార్చడం తెలివితక్కువ పనేమీ కాదు, పెద్దవాళ్లూ చేస్తారు. కానీ ఆ తొలి దెబ్బకు ఇంజిన్ ఒక్కటే కారణం కాదు. ఆట చివరికి ఏ యంత్రం మీద నడవాలో ఆ యంత్రం మీద పెట్టి, సమయానికి, నిజాయితీగా చూసుకోకపోవడం అసలు దెబ్బ. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నదీ అదే. ఇద్దరూ వాదిస్తున్నారు, ఎవరూ కొలవలేదు.

యూనిటీ మొబైల్‌కే అన్న మాటను మాత్రం పక్కన పెట్టేయొచ్చు. 2016లో వచ్చిన ఇన్‌సైడ్, 2017 నాటి హాలో నైట్, 2020లో పీఎస్4లో కూడా వచ్చిన గెన్షిన్ ఇంపాక్ట్, మూడూ యూనిటీ మీద చేసినవే. గెన్షిన్ వెనక చాలా పెద్ద బృందం ఉంది, ఇంజిన్‌ను తమకు కావలసినట్టు మార్చుకున్నారు, కాబట్టి అది మీకు పోలిక కాదు. హాలో నైట్‌ను మాత్రం ముగ్గురు నలుగురు కలిసి చేశారు. అన్నయ్యకు దాన్ని చూపించండి.

ఇక మీ తోట సీన్‌కి వద్దాం. మీరు వివరంగా రాయడం మంచిదైంది. 300 చెట్లు, చెట్టుకు దాదాపు 90 వేల త్రిభుజాలు (3డి బొమ్మ ఆకారమంతా చిన్న చిన్న త్రిభుజాల కూర్పే). చెట్లు, ఇళ్లు, పడవలు అన్నీ కలిపి 60 దాకా 4కె టెక్స్చర్‌లు, అంటే మోడళ్ల మీద చుట్టే రంగు బొమ్మలు. వాటిని కుదించే కంప్రెషన్ పెడితే మచ్చలు వస్తున్నాయని అన్నయ్య దాన్ని ఆపేశాడన్నారు. లెక్క చూడండి. 4096 పిక్సెళ్ల చదరం, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే ఒక్క టెక్స్చర్ 64 ఎంబీ. దూరానికి వాడే చిన్న నకళ్లతో, అంటే మిప్‌మ్యాప్‌లతో కలిపి 85 ఎంబీ. 60 ఉంటే 5 జీబీ దాటింది. మీ కార్డు 4 జీబీ. కార్డులో పట్టనిది కంప్యూటర్ ర్యామ్‌లోంచి అటూ ఇటూ వస్తూ పోతూ ఉంటుంది, ఆట గింజుకుంటుంది. బీసీ7 అనే కంప్రెషన్‌లో పిక్సెల్‌కు ఒక్క బైటే. మొత్తం 1.3 జీబీ లోపు సరిపోతుంది. అన్నయ్య చూసిన మచ్చలు బహుశా పాత డీఎక్స్‌టీ పద్ధతివి. బీసీ7తో ఒకసారి చూడమనండి, తేడా కనిపెట్టడం ఆయన కంటికి కూడా కష్టమవుతుంది. ముసలమ్మ ముఖానికి 4కె ఉంచుకోండి. దూరంగా తిరగబడి ఉన్న పడవకు 1కె చాలు.

చెట్ల సంగతి. కొబ్బరి మొక్కకూ మొక్కకూ 25 అడుగుల ఎడం ఉండాలని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతారు, అంటే ఎకరాకు 70 చెట్లు. మీ 300 చెట్లు నాలుగెకరాల పైమాటే. ముసలమ్మ నిలబడ్డ చోటు నుంచి దగ్గరగా, మట్టల ఈనెలు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా కనిపించేవి పది పదిహేను. మిగతావాటికి 90 వేల త్రిభుజాలు ఎందుకు? దగ్గరకు పూర్తి చెట్టు, కొంచెం దూరానికి పది వేల త్రిభుజాల చెట్టు, ఇంకా దూరానికి అట్టముక్క లాంటి బొమ్మ, ఇలా ఒక్కో చెట్టుకు మూడు నాలుగు మెట్లు తయారు చేస్తారు. ఎల్‌ఓడీ అనేది ఇదే. యూనిటీలో ఈ సదుపాయం ఉంది. మెట్లు తయారుచేయాల్సింది మాత్రం బొమ్మలు చేసే మనిషే.

కొబ్బరితో ఇంకో తంటా ఉంది. ఆకుల్ని పలచని పలక మీద బొమ్మగా వేసి, ఖాళీ భాగాన్ని కనబడకుండా చేస్తాం. ఒక చెట్టుకు ముప్ఫై మట్టలు, వాటి వెనక ఇంకో చెట్టు, దాని వెనక ఇంకోటి. తెర మీది ఒకే చుక్క కోసం గ్రాఫిక్స్ కార్డు పదిసార్లు పని చేస్తుంది. దీన్ని ఓవర్‌డ్రా అంటారు. మట్ట ఆకారానికి దగ్గరగా పలకను కత్తిరించి ఖాళీ భాగం తగ్గిస్తే చాలా భారం తగ్గుతుంది. తోటల సీన్లన్నిటికీ ఉన్న తంటానే ఇది. అన్‌రియల్‌కి వెళ్లినా మిమ్మల్ని వదలదు.

ఇప్పుడు మీ వైపు. "ప్రతి కొబ్బరికాయకూ చిన్న స్క్రిప్టు పెట్టాను, ముసలమ్మ దగ్గరకొస్తే ఊగుతుంది" అని మామూలు సంగతిలా రాశారు. స్క్రిప్టంటే చిన్న కోడ్ ముక్క. చెట్టుకు ఇరవై కాయలనుకుంటే ఆరు వేల స్క్రిప్టులు. ప్రతి ఫ్రేమ్‌లో ఆరు వేల చోట్ల "దగ్గరకొచ్చిందా, దగ్గరకొచ్చిందా" అని అడుగుతున్నాయి. సెకనుకు 60 ఫ్రేమ్‌లు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు ఉన్న సమయం 16.6 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33. మీరిప్పుడు 59 మిల్లీసెకన్ల దగ్గరున్నారు. ఇందులో అన్నయ్య వాటా ఎంత, మీ వాటా ఎంత అన్నది నేను చెప్పలేను, మీరూ ఊహించొద్దు. ఏ పనికి ఎంత సమయం పడుతోందో కొలిచే ప్రొఫైలర్ యూనిటీలోనే ఉంది, తెరిచి చూడండి. అంతకన్నా సులువైన పరీక్ష కూడా ఉంది. ఆట రిజల్యూషన్‌ను సగానికి తగ్గించండి. ఫ్రేమ్‌లు గబుక్కున పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డు మీద ఉంది. కదలకపోతే ప్రాసెసర్ వైపు, అంటే మీ స్క్రిప్టుల్నో, విడివిడిగా గీయమని పంపుతున్న వస్తువుల సంఖ్యనో అనుమానించాలి. కాయలన్నిటికీ కలిపి ఒక్క స్క్రిప్టు పెట్టి, ముసలమ్మ చుట్టూ ఉన్న నాలుగైదు చెట్లనే చూసేలా రాయండి.

వేగం సరే, "పీఎస్2లా ఉంది" అన్న మాట వేరే సమస్య. దాన్ని దీంతో కలపొద్దు. 60 ఫ్రేమ్‌లు వచ్చినా ఆట పేలవంగా కనిపించొచ్చు. మీరు పంపిన రెండు చిత్రాలు చూశాను. మోడళ్లు చాలా బాగున్నాయి, కూలిన చెట్టు వేరుముద్దకు అంటుకున్న ఇసుక నాకు బాగా నచ్చింది. లోపమల్లా వెలుగులో ఉంది. కొత్త సీన్ తెరిస్తే ఇంజిన్ ఇచ్చే మామూలు సూర్యుడు, మామూలు నీలాకాశం అలాగే వదిలేశారు. తుపాను మర్నాటి వెలుగు అలా ఉండదని మీ ఇద్దరికీ నాకన్నా బాగా తెలుసు. ఆకాశం కడిగేసినట్టుంటుంది, నీడలు గట్టిగా పడవు, తడి నేల ఆకాశాన్ని చూపిస్తుంది, తోట సగం పోయింది కాబట్టి ఎప్పుడూ వెలుతురు పడని చోట వెలుతురు పడుతుంది. మీ కథ మొత్తం ఒకే తెల్లవారుజామున జరుగుతుంది. ఇది మీకు పెద్ద వరం. వెలుగు మారదు కాబట్టి దాన్ని ముందే లెక్కకట్టి టెక్స్చర్‌లలోకి ఎక్కించేయొచ్చు. బేకింగ్ అంటారు. ఆట నడిచేటప్పుడు దానికి ఖర్చు దాదాపు ఉండదు. ఖరీదైన కార్డు ఉన్నవాళ్లు ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ లెక్కకట్టే మెత్తని వెలుగును మీరు మీ ల్యాప్‌టాప్‌లోనే రాత్రంతా వదిలేసి సంపాదించవచ్చు.

తక్కువ వనరులున్నవాళ్లు ఏం వదులుకోవాలో తెలుసుకుని గెలిచిన సందర్భాలు కన్సోల్ చరిత్ర నిండా ఉన్నాయి. 1996లో పీఎస్1కు క్రాష్ బాండికూట్ చేసినప్పుడు యంత్రంలో ప్రధాన మెమొరీ 2 ఎంబీ, వీడియో మెమొరీ 1 ఎంబీ. క్రాష్ ఒంటికి దాదాపు టెక్స్చర్ లేకుండా, త్రిభుజాలకే రంగులు వేశారు. అలా మిగిలింది అడవికి పెట్టారు. మన దేశంలో చూస్తే, పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ అనే చిన్న స్టూడియో అన్‌రియల్ 4తో చేసిన 'రాజీ' అనే ఆట 2020లో మొదట వచ్చింది నింటెండో స్విచ్ మీద, అంటే 4 జీబీ మెమొరీ ఉన్న చేతి యంత్రం మీద. కథ చెప్పే చోట్ల తోలుబొమ్మల తరహా నీడబొమ్మలు వాడుకున్నారు. ఖరీదైన ముఖకవళికలు అక్కర్లేకుండానే ఆ ఆటకు సొంత రూపం వచ్చింది.

మీ ముందున్న దారులు చూద్దాం.

యూనిటీలోనే ఉండి ఈ సీన్ బాగు చేసుకోవడం మొదటిది. డబ్బు ఖర్చు లేదు. ఒక నెల గట్టిగా పని ఉంటుంది, అదీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటేనే. చెట్టు మెట్లు, టెక్స్చర్‌లు, వెలుగు, మూడూ అన్నయ్య చేతిలో పని. మీ కోడ్ ఎంత మార్చినా అవి కుదరకపోతే లాభం లేదు. రెండేళ్ల కోడ్ మాత్రం నిలబడుతుంది.

అన్‌రియల్‌కి మారడం రెండోది. దానిలోని నానైట్ ఎక్కువ త్రిభుజాల మోడళ్లను తనే సర్దుకుంటుంది, లూమెన్ వెలుగును అప్పటికప్పుడు లెక్కకడుతుంది. అన్నయ్య కోరిక అక్కడే ఉంది, అది న్యాయమైన కోరికే. అయితే ఈ రెండూ గ్రాఫిక్స్ కార్డును బాగా పిండుతాయి. మీ ఆట కొనేవాళ్ల దగ్గరా అంతటి కార్డు ఉండాలి. మీ సీ షార్ప్ కోడ్ అక్కడ నడవదు. సీ ప్లస్ ప్లస్‌లోనో, కోడ్ బదులు గీతలు కలిపే బ్లూప్రింట్‌లలోనో మళ్లీ మొదటి నుంచి చేయాలి, మీరు ఉద్యోగంలో చేరబోతున్నారు. అంటే ఆట ఆగిపోయే ప్రమాదం ఈ దారిలోనే ఎక్కువ. ఒక మాట గుర్తుంచుకోండి, అన్‌రియల్ నేర్చుకోవడానికి రుసుము లేదు. 2015 నుంచి ఉచితమే. ఆటకు పది లక్షల డాలర్ల రాబడి దాటాక 5 శాతం వాటా అడుగుతారు, ఆ బెంగ ఇప్పుడు మనకెందుకు. ఉచితంగా దొరికే పాఠాలతో, ఉన్న ల్యాప్‌టాప్‌లోనే, ఐదు చెట్లతో చిన్న తోట ముక్కను అన్‌రియల్‌లో చేసి చూడమనండి. నెల తర్వాత ఆయనకే తెలుస్తుంది కోర్సు కావాలో వద్దో.

మూడోది నాకు ఎక్కువ నచ్చింది. ఆటను చిన్నది చేయండి. తోట నుంచి సముద్రం దాకా అని కాకుండా, ఒక్క తోట, ఒక్క ఆవు, అరగంట ఆట. దాన్ని కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టండి. ఆటకు వంద డాలర్లు కట్టాలి, అంతే. కన్సోల్ సంగతి తర్వాత. సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో, ఎవరి యంత్రం మీద విడుదల చేయాలన్నా ముందు డెవలపర్‌గా వాళ్ల అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులో పూర్తయిన ఆట చూపించగలిగితే మీ మాటకు బరువుంటుంది. దీనివల్ల పోయేది సముద్రం సీన్. అన్నయ్య దాని మీద మనసు పెట్టుకున్నాడని రాశారు, కాబట్టి ఆ నిర్ణయం మీరు ప్రకటించకండి, ఆయన్నే తీసుకోనివ్వండి.

ఉద్యోగం వద్దని నేను అనను. మానేస్తే ఇంట్లో వచ్చే ఒక్క స్థిరమైన ఆదాయం పోతుంది, ఆట మీద భారం పెరుగుతుంది. చేరితే వారానికి ఒక రోజు ఆటకు దొరుకుతుంది. విశాఖ నుంచి మీ ఊరు రైల్లో కొన్ని గంటల దూరమే.

ఇప్పుడు ఆ చివరి వాక్యం. మీ ఉద్యోగం వార్త, అన్‌రియల్ మాట ఒకే వారంలో వచ్చాయి. మీరు దాన్ని కోపంగా రాశారు, నాకు వేరేగా అర్థమైంది. మీరు వెళ్లిపోతే కోడ్ రాసేవాళ్లు లేరు. అన్‌రియల్‌లో బ్లూప్రింట్‌లు ఉన్నాయి, కోడ్ రాకపోయినా గీతలు కలుపుకుంటూ ఆట చేయొచ్చని ఎక్కడో విని ఉంటాడు. ఒంటరిగానైనా పూర్తి చేయాలనుకుంటున్న మనిషి అడిగే ఇంజిన్ అది. నా ఊహ తప్పు కావచ్చు. కానీ ఇంజిన్ గురించి ఎంత బాగా వాదించి గెలిచినా, ఆయన అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్టవుతుంది. ముందు ఉద్యోగం గురించి మాట్లాడండి. చేరాక ఏ రోజు ఆట పని చేస్తారో, ఎన్నాళ్లు చేస్తారో, మానేయాలనిపిస్తే ముందే చెబుతారో లేదో, ఇవి స్పష్టంగా చెప్పండి. నిలబెట్టుకోలేని మాట మాత్రం ఇవ్వొద్దు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అన్నయ్యకు బొమ్మ వేయడం వచ్చు, ఆ బొమ్మ యంత్రం మీద ఎంత బరువో చూసుకోవడం ఇంకా రాలేదు. ఆ రెండూ వచ్చినవాళ్లను స్టూడియోల్లో టెక్నికల్ ఆర్టిస్ట్ అంటారు, అలాంటివాళ్లు దొరకడం కష్టం. ఈ తోట సీన్‌ను 59 మిల్లీసెకన్ల నుంచి 16కి తెచ్చిన పని, ముందూ వెనకా చిత్రాలతో, అంకెలతో చూపిస్తే, ఉద్యోగం వెతుక్కునేటప్పుడు రెండున్నర లక్షల కోర్సు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

బంగారం విషయంలో మాత్రం నా అభిప్రాయం దాచుకోను. కొలవకుండా కుదవ పెట్టొద్దు. తిత్లీ తర్వాత వేసిన మొక్కలు కాపుకొచ్చేదాకా మీ నాన్నగారు ఏళ్ల తరబడి ఆగి ఉంటారు. ఆయన సరేనన్నది అన్‌రియల్ అర్థమై కాకపోవచ్చు, పిల్లలిద్దరూ మళ్లీ మాట్లాడుకుంటారని కావచ్చు. ఒక నెల ఆగమని నాన్నగారిని మీరే అడగండి. అన్నయ్య చేత అడిగించొద్దు, ఓడిపోయినట్టు ఉంటుంది. ఆ నెలలో సీన్ బాగుపడకపోతే, అన్‌రియల్‌లో ఐదు చెట్ల ముక్క దీనికన్నా స్పష్టంగా బాగుంటే, అప్పుడు కొత్త కంప్యూటర్ గురించి మాట్లాడుకోవచ్చు. అదీ మీ జీతం మొదలయ్యాక వాయిదాల మీద. కోర్సు అప్పటికీ అవసరం పడదనే నా నమ్మకం.

ఈ జవాబు అన్నయ్యకు చూపించాలనుకుంటే మొత్తం చూపించండి, కొబ్బరికాయల స్క్రిప్టుల పేరా కూడా. ప్రొఫైలర్ తెరిచినప్పుడు మొదట మీ కోడ్ వాటానే చూడమనండి. టెక్స్చర్‌ల లెక్క ఆ తర్వాత తీయండి.